తోడు ముక్త్యారు

పిన్ని తన ఒంటికీ ఇంటికీ కాపలాదారుగా మా నాన్నను ఎంచుకుందని తెలిసిన రోజు నేను అన్నం పళ్లెం ముందునుంచి లేచిపోయాను. పక్కన నేనుండగా, పోయి పోయి ఆ మనిషినా?

మా పిన్ని డాక్టర్ సుచరిత. విశాఖపట్నంలో నరాల పరిశోధనకు సొంతంగా ల్యాబ్ పెట్టుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. నేను చదువు ముగిసిన దగ్గర్నుంచీ ఆమె ల్యాబ్‌లోనే పనిచేస్తూ, లాసన్స్ బే దగ్గర ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. ఆ వేసవిలో ఆమె మెదడు స్కాన్‌లో మతిమరుపు జబ్బు బయటపడింది. తన స్కాన్ తనే చూసుకుని, ఇంకెవరిదో అన్నట్టు మామూలుగా చెప్పింది. ఇంకో ఏడాది తెలివిగా ఉంటుందట. ఆ తర్వాత సంతకం మాట అటుంచి, చెంచా పట్టుకోవడం కూడా చేతకాదట. అందుకని మతి ఉండగానే ముక్త్యారు రాసిపెట్టుకోవాలి. బ్యాంకుకూ ఇంటికీ వైద్యానికీ, చివరికి ఏ గొట్టం ఎప్పుడు తీసేయాలన్న దానికీ తన బదులు సంతకం పెట్టే మనిషి పేరు అందులో ఉండాలి.

పాతరకం ముక్త్యారైతే, రాసినవాళ్లకు మతి పోగానే చెల్లకుండా పోయేది. సరిగ్గా అవసరం మొదలైన రోజే కాగితం చచ్చిపోయేదన్నమాట. దాన్ని మార్చింది మా పిన్ని కనిపెట్టిన తోడుపట్టీయే. ఒకరి నెత్తి చర్మం కింద వెంట్రుకంత సన్నని వల, ఇంకొకరి మెడ వెనక చర్మం కింద గోరంత బిళ్ల. చట్టం చేసే కమిటీ ల్యాబ్‌కు వచ్చినప్పుడు, ఆ పెద్దమనుషుల్లో ఒకాయన మెడకు పట్టీ తాత్కాలికంగా అంటించి, అప్పటికే తన నెత్తిలో వల పెట్టుకున్న పిన్ని పొగలు కక్కే టీలో తన వేలు ముంచింది. ఆయన కుర్చీలోంచి ఎగిరి, తన వేలిని నోట్లో పెట్టుకున్నాడు. వేలు చల్లగానే ఉంది. చూసినవాళ్లకు వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. మతి తప్పిన మనిషి బదులు సంతకం పెట్టేవాళ్లు ఆ మనిషి ఒంటి బాధ కూడా మొయ్యాలని ఆ తర్వాతే చట్టం వచ్చింది. దాని పేరే తోడు ముక్త్యారు. మోసాలు సగానికి సగం తగ్గాయన్నారు. ఉత్తపుణ్యానికి సంతకాలు పెడతామని ముందుకొచ్చే మేనల్లుళ్లు కూడా అంతే తగ్గారు.

కానీ ఆ పట్టీ పుట్టింది కమిటీ కోసం కాదు, మా అమ్మ మంచం దగ్గర.

మా అమ్మ ఇందుమతి. పిన్నికి సొంత అక్క. స్కూటర్ మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలింది. మాట లేదు, కదలిక లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉండేవి. అప్పుడు నేను హాస్టల్లో, పిన్ని బెంగళూరులో ఉన్నాం. మొగుణ్ణి ముక్త్యారు ఎవరడుగుతారు? డాక్టర్లు నాన్న మాటే విన్నారు. "దానికేం తెలుస్తుంది? ఊపిరొకటి ఆడుతోందంతే" అన్నాడు నాన్న. ఆ మాట డాక్టర్లతో అన్నాడు, చుట్టాలతో అన్నాడు, నాతోనూ అన్నాడు. వెనకగదిలో పడుకోబెట్టి, పొద్దున ఒకసారి ఎవరో వచ్చి గొట్టంలో జావ పోసి వెళ్లే ఏర్పాటు చేశాడు. మేము వస్తామంటే క్రిములు అంటుకుంటాయని వద్దనేవాడు. చివరికి చెప్పకుండా వెళ్లి, నేనూ పిన్నీ అమ్మను పక్కకు తిప్పాం. వీపు చూశాం. ఆ వీపు గురించి ఇంతకన్నా రాయలేను.

పిన్ని తన దగ్గరున్న మొదటి యంత్రాన్ని తెచ్చి అమ్మ తలకు అమర్చింది. తెరమీద నొప్పి గీత పైకి పోయి అక్కడే నిలబడిపోయింది. అమ్మకు అంతా తెలుస్తోంది. పడిన రోజునుంచీ తెలుస్తూనే ఉంది. నాన్నకు చూపిస్తే, మిషన్లు ఏవో గీస్తుంటాయన్నాడు. ఆసుపత్రిలో మంచం దొరికాక తీసుకుపోయాం కానీ అప్పటికే ఆలస్యమైంది. పదోరోజు భోజనాల దగ్గర నాన్న బంతి వెంట తిరుగుతూ, "ఏ బాధా తెలీకుండా పోయింది, అదృష్టవంతురాలు" అని చెప్పాడు. పిన్ని నెయ్యి గిన్నె పట్టుకుని ఆయన వెనకే ఉంది. ఆ మాట విని కూడా వడ్డించింది. అంతకుముందు నేను నాన్నను నువ్వు అనేదాన్ని. ఆ రోజునుంచి మీరు అంటున్నాను. ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

అలాంటి మనిషికి ముక్త్యారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. పిన్ని ఇల్లూ, ల్యాబ్ మీద పెత్తనమూ చేతికొస్తున్నాయన్న సంతోషం ముఖంలో దాచుకోలేకపోయాడు. సబ్ రిజిస్ట్రారు చట్టం ప్రకారం గట్టిగా చదివి వినిపించాడు.

"ఇచ్చేవారి నొప్పి, దాహం, చలి, మిగతా అనుభూతులన్నీ పుచ్చుకునేవారికి చేరతాయి. పట్టీ ఊడదీయడం నేరం. తప్పుకోవాలంటే, ఇందులో రాసిన ప్రత్యామ్నాయ వ్యక్తి, అంటే మీ అమ్మాయి లాస్య గారు, పట్టీ తను తీసుకోవడానికి ఒప్పుకుని సంతకం చెయ్యాలి. సమ్మతమేనా, జగన్నాథరావు గారూ?"

"మతే లేనప్పుడు బాధ ఎక్కడిదండీ?" అని నవ్వాడు నాన్న. "నేను చూసినవాణ్ణి. నా భార్య అలాగే పోయింది. రాసెయ్యండి, సమ్మతమే."

పిన్ని బల్లవైపే చూస్తూ సంతకం చేసింది.

తిరిగొచ్చేటప్పుడు కారు బీచ్ రోడ్డులో ఆపించింది. నేను అప్పటికి ఆమెతో సరిగ్గా మాట్లాడి వారమైంది.

"నమ్మి ఇచ్చాననుకున్నావటే?" అంది పిన్ని. "తెలివి తప్పిన ఒంటికి నొప్పుండదని ఆయన నిజంగా నమ్ముతాడు. ఆ నమ్మకం లేకపోతే ఆ కుర్చీలో కూర్చునేవాడే కాదు. మా అక్కని చంపిన నమ్మకమే ఆయన చేత సంతకం పెట్టించింది. నేను బలవంతం చెయ్యలేదు, అబద్ధం ఆడలేదు. అంతా చదివి వినిపించారు కదా."

నాకు ఒళ్లు జలదరించింది. వెంటనే సంతోషం కూడా వేసింది. ఏళ్లుగా కడుపులో రగులుతున్నదానికి ఇప్పుడొక దారి దొరికినట్టయింది.

"ఇంకో మాట" అంది. "నేను మంచాన పడ్డాక నన్ను పక్కకి తిప్పకు."

"పిన్నీ."

"అక్కకి ఎలా పుండ్లు పడ్డాయో నాకూ అలాగే పడాలి. అప్పుడే ఆయనకి తెలుస్తుంది. నువ్వు కాకపోతే ఈ పని ఎవరు చేస్తారు? మాటివ్వు."

"నొప్పి నీకే కదా పిన్నీ."

"నేను పడతాను. అంతకన్నా పెద్ద నొప్పి చూశాను."

మాటిచ్చాను. ఆమె బలవంతపెట్టిందని ఇవ్వలేదు, నాకూ అదే కావాలి.

పిన్ని చెప్పిన ఏడాది పూర్తిగా గడవలేదు. మొదట ల్యాబ్ తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి. తర్వాత తను కనిపెట్టిన యంత్రం ముందు నిలబడి, ఇది దేనికమ్మా అని అడిగింది. ఆ తర్వాత నా పేరు పోయింది. నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నా ముఖం అమ్మ పోలికని అందరూ అంటారు. చివరికి కాళ్లూ పడిపోయి, ఆ ఒక్క మాట తప్ప అన్ని మాటలూ పోయాయి. ఇద్దరు డాక్టర్లు పరీక్షచేసి సర్టిఫికెట్ రాశారు. అదే రోజు ల్యాబ్‌లో నేనే నాన్న మెడ వెనక బిళ్ల అమర్చి, పట్టీ ఆన్ చేశాను.

"చూశావా, ఏమీ లేదు" అన్నాడు నాన్న. చొక్కా కాలరు సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "గొంతు ఎండిపోతోందేంటి?"

టేబుల్ మీది నీళ్ల సీసా మొత్తం తాగేశాడు. దాహం తీరలేదు. అది ఆయన దాహమైతే కదా తీరడానికి.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. నీళ్లు పట్టమని, ఫ్యాను తగ్గించమని, దుప్పటి మడత ఎక్కడో గుచ్చుకుంటోందని. ఒకసారి అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో మైకు పట్టుకుని మాట్లాడుతూ వీపు గోక్కోవడం మొదలుపెట్టాడట. సెక్రటరీ చేత స్కేలుతో గోకించుకున్నాడట. ఎంత గోకినా దురద ఆయన వీపులో లేదు. మధ్యలోనే బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు.

"ఎడమ రెక్క కింద. కాస్త గోకమ్మా దాని వీపు."

"పిన్నికేం తెలుస్తుంది నాన్నా? ఊపిరొకటే కదా ఆడుతోంది."

నా కడుపు చల్లబడింది. గోకాను, కానీ కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించాక.

అయితే మాట ఇచ్చింది దురద కోసం కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయా పైడితల్లిని ఇంటికి పంపేసి, పిన్నిని వెల్లకిలా పడుకోబెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిప్పలేదు. ఎండ కిటికీలోంచి గోడమీదికి, గోడమీంచి బయటికి పోయింది. ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు. కాసేపటికి మోగడం మానేసింది. ఆ తర్వాత వీధి తలుపు బాదుతున్న చప్పుడు. తలుపు బాదే చేతులు నాన్నవి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అమ్మ గది తలుపు కూడా ఇలా ఎవరైనా బాదితే బాగుండేదనిపించింది.

అప్పుడు పిన్ని మూలిగింది. చూశాను. కన్నీళ్లు రెండు కణతలమీదుగా చెవుల్లోకి కారుతున్నాయి. కోపంతో కాదు, నాకు ఆమె కోపం బాగా తెలుసు. దారి తప్పిన చిన్నపిల్ల చూపు అది. "అక్కా" అంది. ఎందుకు నొప్పి పుడుతోందో తెలియదు, పక్కన కూర్చున్న అక్క ఎందుకు చెయ్యి వెయ్యడం లేదో తెలియదు. పగ పట్టిన మనిషి ఆ మంచం మీద లేదు. ఆమె పగంతా నా దగ్గర వదిలేసి వెళ్లిపోయింది. నొప్పి మాత్రం వెనక మిగిలిన ఈ అమాయకురాలికి వదిలేసింది.

లేచి తిప్పాను. వీపు ఎర్రగా కందిపోయి ఉంది. తడిగుడ్డతో తుడిచి, పౌడరు వేసి, దిండ్లు పెట్టి ఏడ్చాను. పిన్నిమీదా ఏడ్చాను. మాట తీసుకునేటప్పుడు నా సంగతి కాస్త ఆలోచించి ఉండాల్సింది కదా.

తలుపు తీసేసరికి నాన్న మెట్టుమీద కూలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"కావాలనే చేశావు" అన్నాడు.

"అవును."

"నిన్ను ఈ ఇంట్లోంచి పంపించే అధికారం నాకుంది. రేపే మంచి నర్సుల్ని పెడతాను."

"పెట్టండి" అన్నాను.

పెట్టాడు. మొదటి నర్సుకు గోళ్లు పొడుగు. రెండో ఆమె నీళ్ల వేడి చూడకుండా ఒళ్లు తుడిచింది. మూడో ఆమె మంచిదే, కానీ ఎక్కడ నొప్పో ఆమెకెలా తెలుస్తుంది? ఆ తప్పులన్నీ ఎక్కడో కూర్చున్న నాన్న ఒంటికి తగిలాయి. నన్ను పంపించే మాట మళ్లీ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున్నే చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చాడు.

"ఎలా తిప్పాలో చూపించు."

"ఎక్కడ నొప్పో మీకే కదా తెలుసు. మీరే నేర్చుకోండి. నేనిక్కడ కూర్చుంటాను."

పైడితల్లిని ల్యాబ్ పనికి మార్చేశాను. ఇది పిన్ని అడిగిన శిక్ష కాదు. కానీ పిన్ని ఒంటిమీద గీత పడకుండా వెయ్యగలిగిన శిక్ష నాకిదే కనిపించింది. జీవితంలో తన కంచం తను తియ్యని మనిషి పిన్ని పక్కదుప్పట్లు ఉతికాడు. జావ వేడిగా ఉంటే ముందు తన నాలుకే కాలుతుంది కాబట్టి ఊది ఊది పట్టాడు. గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాడు. తిప్పే వేళకు అలారం అక్కర్లేదు, ఆయన నడుమే లేపేది.

మొదట్లో చూసి మురిసిపోయాను. రానురాను ఒళ్లు మండడం మొదలైంది. అంత బాగా చేస్తున్నాడు మరి. దుప్పటిలో ముడత ఉండనిచ్చేవాడు కాదు. ఇంత వచ్చినవాడు అమ్మకెందుకు చెయ్యలేదు? అమ్మ చర్మం తన చర్మం కాదు కాబట్టి. చూడ్డానికొచ్చిన చుట్టాలు, మరదలికి ఇంత సేవ చేసే బావను ఎక్కడా చూడలేదని కళ్లు తుడుచుకుంటుంటే, వాళ్ల చేతుల్లోంచి కాఫీ గ్లాసులు లాక్కోవాలనిపించేది.

పిన్నికి మింగడం కూడా పోయి గొట్టం పెట్టాక, నాన్న ఒకసారి తప్పించుకునే దారి వెతికాడు. జావ గొట్టం తీయించెయ్యడానికి సంతకం పెట్టే హక్కు ముక్త్యారులో ఉంది. డాక్టరును పిలిపించాడు. ఆవిడ కాగితం ముందు పెట్టి శాంతంగా చెప్పింది.

"పెట్టొచ్చండీ. కాకపోతే ఆకలి ఆవిడది, తెలిసేది మీకు. చివరి ఊపిరి కూడా అంతే. మధ్యలో పట్టీ ఆపడానికి చట్టం ఒప్పుకోదు."

నాన్న పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు పిన్ని తెలివికి మనసులోనే దండం పెట్టాను. తన ప్రాణానికి భయపడే మనిషి చేతిలో ఆమె ప్రాణం భద్రంగా ఉంది.

వానలు మొదలైన ఒక సాయంత్రం నాన్న కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ముక్త్యారు నా పేరుకు మార్చే కాగితాలు. నేను సంతకం చేస్తే మర్నాడే బిళ్ల ఆయన మెడలోంచి తీసి నా మెడలో పెడతారు. ఆయన బాగా చిక్కిపోయాడు. అత్తరు వాసన పోయి డెట్టాల్ వాసన వస్తున్నాడు.

నిజం చెప్పాలంటే నేనూ మెత్తబడే ఉన్నాను. పిన్ని బాధ నేను మొయ్యాలని నాకెప్పటినుంచో ఉంది. ఆయన ముఖం రోజూ చూసే అవసరం ఉండదు. పెన్ను తీసుకున్నాను.

"నొప్పులు తట్టుకోలేకనా?" అన్నాను.

"కాదమ్మా. నొప్పి అలవాటైపోయింది. నేను గదిలోకి రాగానే ఆమెకి సంతోషమేస్తోంది. నేనెవరో తెలీదు. అయినా నా అడుగుల చప్పుడు వినబడితే చాలు, గుండెల్లో ఏదో పొంగుతుంది. అది నాకొస్తుంది. బజారు నుంచి వచ్చి గేటు తీస్తానా, వీధిలోనే వచ్చేస్తుంది. నన్ను చూసి అంత సంతోషపడేవాళ్లు నా బతుకులో ఎవరూ లేరు. దీన్ని మొయ్యలేకపోతున్నాను. నన్ను వదిలెయ్."

వాన చూరు మీంచి కారుతోంది. ఆయన నా కుర్చీ దగ్గరకు వంగాడు.

"మీ అమ్మకి... ఇందుకి కూడా ఇలా ఉండేదంటావా? నేను ఆ గది ముందునుంచి వెళ్తుంటే?"

లేదనే మాట కోసం అడుగుతున్నాడు. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రి నిద్రపోతాడు. నేను పెన్నుకు మూత పెట్టాను.

"ఆసుపత్రిలో మంచం దొరికేదాకా యంత్రం అమ్మ తలకే ఉంది నాన్నా. మీరు కాఫీకని వంటింట్లోకి ఆ గది ముందునుంచే వెళ్లేవారు. మీ చెప్పుల చప్పుడు వినగానే, అంత నొప్పిలోనూ, తెరమీద ఇంకో గీత, సంతోషానిది, పైకి లేచేది. పిన్ని చూసింది, నేనూ చూశాను. మీరు దాటిపోయాక కూడా కాసేపు అలాగే ఉండేది, తలుపు తీస్తారేమోనని. తర్వాత పడిపోయేది. మీరు గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లేచేది."

"అబద్ధం" అన్నాడు నాన్న.

"నిజం. మీరు ఆ చప్పుడుతో వెళ్లిన ప్రతిసారీ."

ఆయన స్తంభం పట్టుకున్నాడు. కాగితాలు ఆయన చేతిలోనే పెట్టి, సంతకం చెయ్యనని చెప్పాను. ఎప్పటికీ చెయ్యనని కూడా చెప్పాను. గొంతు పెంచలేదు.

లోపల పిన్ని కదిలింది. ఏం కావాల్సి వచ్చిందో ఆయనకు తెలిసినట్టుంది, చెయ్యి నడుం మీదికి పోయింది. చెప్పులు విడిచి గదివైపు నడిచాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, గుండెమీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నాడు. లోపల ఆమెకు సంతోషం మొదలైనట్టుంది. అయినా వెళ్లక తప్పదు. వెళ్లాడు.

నేను కుర్చీని గుమ్మానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. అక్కణ్నుంచి ఆయన ముఖం బాగా కనిపిస్తుంది.